అప్లై చేయనివాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు

అమెరికాలో మన తెలుగువాళ్ళు సత్యనారాయణ వ్రతానికో పుట్టినరోజుకో ఒకచోట చేరారంటే కాలేజీ పిల్లల ప్రస్తావన రాకుండా ఉండదు. "మీ వాడు ప్రీమెడ్ అన్నారు కదండీ, ఎంతవరకొచ్చింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వాడు మొదటి ఏడాదిలో ఉంటే తల్లి ఉత్సాహంగా చెబుతుంది. మూడో ఏడాదిలో ఉంటే మాత్రం చాలాసార్లు "ఇప్పుడు డేటా సైన్స్ వైపు చూస్తున్నాడండీ" అని మాట మార్చేస్తుంది. అడిగినవాళ్ళు అప్పటికి ఊరుకుని, ఇంటికి వెళ్తూ కారులో "చదవలేకపోయుంటాడులే" అని తేల్చేస్తారు.

ఆ తేల్చేయడం తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో జనరల్ కెమిస్ట్రీ చెబుతాను. ఏటా ఆగస్టులో నా క్లాసుకొచ్చే పిల్లల్లో చాలామంది డాక్టర్లవుదామని, అంటే ప్రీమెడ్ అనుకుంటూ వచ్చినవాళ్ళే. వాళ్ళలో మెడికల్ స్కూలుకి అప్లికేషన్ పెట్టేదాకా వెళ్ళేది కొద్దిమందే. మిగతావాళ్ళకి ఏ మెడికల్ స్కూలూ సీటు లేదని చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళు అసలు అడగనేలేదు. ఎందుకు అడగలేదని కూర్చోబెట్టి కనుక్కుంటే మొదటి సెమిస్టర్‌లో వచ్చిన ఒక గ్రేడు, ఇంట్లో డబ్బు పరిస్థితి, వీసా, దారి చెప్పే మనిషి లేకపోవడం, ఇవే పైకొస్తాయి. చదివే శక్తి లేకపోవడం అనేది నాకు కనిపించిన కారణాల్లో ఎక్కడో కిందుంటుంది.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళ కోసం పద్ధతి ఒక్కసారి చెప్తాను. ఇక్కడ ఇంటర్ అవగానే ఎంబీబీఎస్ ఉండదు. నాలుగేళ్ళు మామూలు డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, ఆపైన ఆసుపత్రిలో మూడు నుంచి ఏడేళ్ళ శిక్షణ, దాన్నే రెసిడెన్సీ అంటారు. ప్రీమెడ్ అనే డిగ్రీ ఏదీ దాదాపు ఎక్కడా ఇవ్వరు. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేస్తున్నా పక్కన బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ ల్యాబులతో సహా పూర్తి చేసుకోవాలి, ఎమ్‌క్యాట్ అనే ఏడున్నర గంటల పరీక్ష రాయాలి, డాక్టర్ల వెంట తిరిగి వాళ్ళ పని చూడాలి, ఆసుపత్రిలో ఏదో ఒక పని చేసి ఉండాలి, వీలైతే రీసెర్చ్ కూడా. ఇవన్నీ ఉంటేనే అప్లికేషన్ పెట్టడంలో అర్థం ఉంటుంది. "నేను ప్రీమెడ్" అని ఎవరైనా అనుకోవచ్చు, అలాగే ఎవరికీ చెప్పకుండా మానేయనూవచ్చు. చేరినట్టు సంతకం లేదు, మానేసినట్టు కాగితం లేదు.

నీట్‌తో పోల్చి చూడండి. 2024లో 23 లక్షల మందికి పైగా నీట్ రాశారు. ఆ పద్ధతి మీద నాకు వంద అభ్యంతరాలున్నాయి, విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ హాస్టళ్ళలో లాంగ్ టర్మ్ పేరుతో పిల్లలు పడే బాధ నాకు తెలియనిది కాదు. కానీ అక్కడ సీటు రానివాళ్ళు కూడా లెక్కలో ఉంటారు. ఎంతమంది రాశారు, ఎంతమందికి రాలేదు అన్నది పేపర్లో వస్తుంది, దాని మీద అసెంబ్లీల్లో మాట్లాడతారు, కోర్టులకు వెళ్తారు. ఇక్కడి లెక్క ఇంకోలా ఉంటుంది. 2021లో మెడికల్ స్కూళ్ళలో ఎండీ సీట్లకు (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరు డిగ్రీ) 62,443 మంది అప్లై చేశారు, చేరింది 22,666 మంది. కోవిడ్ ఏడాది కాబట్టి ఆ సంఖ్య బాగా పెరిగింది, రెండేళ్ళ తర్వాత 52 వేల చిల్లరకు దిగింది. ఈ అంకెలు చూసి "ఫరవాలేదే, పదిమందిలో నలుగురికి దొరుకుతోంది" అంటారు. ఆ పదిమందీ ఎక్కడ మొదలై ఎంతమందిలోంచి మిగిలారో ఆ అంకెల్లో లేదు. అప్లికేషన్ దాకా రాకుండా ఆగిపోయినవాళ్ళు అందులో ఎక్కడా కనపడరు.

ఇప్పుడు నా క్లాసు సంగతి. సెప్టెంబరు చివర్లో మొదటి మిడ్‌టర్మ్ ఉంటుంది. పెద్ద ఆడిటోరియం, వందల మంది పిల్లలు. వాళ్ళలో కొందరు హైస్కూల్లోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ చేసి వస్తారు, అంటే నేను చెప్పేది వాళ్ళకి రెండోసారి వినడం. కొందరు ఊళ్ళలోంచి వస్తారు, వాళ్ళ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పిన మనిషే ఫుట్‌బాల్ కోచ్ కూడా. ల్యాబులో బ్యూరెట్ పట్టుకోవడం వాళ్ళకి అదే మొదటిసారి. ఇద్దరికీ ఒకే పేపర్, చాలా కాలేజీల్లో ఒకే కర్వ్, అంటే క్లాసులో అందరి మార్కులతో పోల్చి గ్రేడు వేయడం. మార్కులు ఆన్‌లైన్‌లో పెట్టిన మరునాడు ఆఫీస్ అవర్స్‌లో నా గది బయట వరండాలో పిల్లలు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంటారు. లోపలికొచ్చి ఆ పేపర్లో తప్పెక్కడ చేశామో అడిగేవాళ్ళు తక్కువ. "ప్రొఫెసర్, నేను ఈ దారికి పనికొస్తానంటారా?" అని అడుగుతారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు, లిమిటింగ్ రియేజెంట్ లెక్క ఒకటి తప్పుచేసి, జీవితం గురించి అడుగుతున్నారు.

వాళ్ళ భయానికి ఆధారం లేదని నేను అనను. మెడికల్ స్కూళ్ళలో చేరేవాళ్ళ సగటు జీపీఏ ఈమధ్య 3.75 దాటింది. జీపీఏ అంటే గ్రేడ్ల సగటు, 'ఏ'కి నాలుగు, 'బీ'కి మూడు, 'సీ'కి రెండు పాయింట్ల లెక్కన. పైగా ఎమ్‌కాస్ అనే అప్లికేషన్ వ్యవస్థ కాలేజీలో చదివిన ప్రతి కోర్సునూ లెక్కలోకి తీసుకుంటుంది. ఫెయిలైన కోర్సును మళ్ళీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా పాత గ్రేడు పోదు, రెండూ కలిపే సగటు వేస్తుంది. సైన్సు, లెక్కల కోర్సులకు వేరే జీపీఏ కూడా కడుతుంది. ఇదంతా సీనియర్లు చెప్పగా పిల్లల చెవిన పడుతుంది, సగం సగం. సీ వచ్చిందా, ఇక అయిపోయినట్టే అనుకుంటారు.

అయిపోయిందా నిజంగా? నేను బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు అనుకుందాం. నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో సీ, మిగతా పదకొండింట్లో బీ. జీపీఏ 2.73. చూడగానే గుండె జారిపోయే అంకె. మిగిలిన ఏడు సెమిస్టర్లలో 105 క్రెడిట్లు 3.8 సగటుతో చదివితే డిగ్రీ అయ్యేసరికి 3.67 అవుతుంది. అన్నీ 'ఏ' గ్రేడ్లే వస్తే 3.84. అదంత తేలికని నేను చెప్పడం లేదు. కానీ 3.67తో ప్రతి ఏడూ ఎంతోమందికి సీట్లు వస్తున్నాయి, కింద నుంచి పైకి ఎక్కుతూ వచ్చిన గ్రేడ్లను చాలా స్కూళ్ళు మెచ్చుకుంటాయి కూడా. ఈ గుణకారం భాగహారం ఎవరైనా చేయగలరు. చేసి చూపించే మనిషి ఆ అక్టోబరులో ఆ పిల్ల పక్కన ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. తండ్రి డాక్టరైన పిల్లకు ఉంటారు. ఇంట్లో కాలేజీకొచ్చిన మొదటి మనిషి తనే అయిన పిల్లకు ఉండరు.

నేను ఒక్కదాన్ని నా క్లాసు చూసి చెబుతున్న సంగతి కాదిది. స్టాన్‌ఫర్డ్‌లో డోనల్డ్ బార్, ఆయన సహచరులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదట్లో డాక్టరవ్వాలనుకుని వచ్చిన విద్యార్థుల్లో ఆ ఆసక్తి ఎలా తగ్గుతోందని చూశారు. అమ్మాయిల్లో, నల్లజాతి, లాటినో, ఆదివాసీ విద్యార్థుల్లో ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. కారణమేమిటని అడిగితే అన్నిటికంటే ఎక్కువగా వినపడినది కెమిస్ట్రీ కోర్సుల్లో ఎదురైన అనుభవం. అదీ స్టాన్‌ఫర్డ్‌లో, అంటే దేశంలో బాగా చదివే పిల్లలను ఏరి తీసుకున్నచోట. అలాంటి పిల్లలకే కెమిస్ట్రీ క్లాసు "నీ వల్ల కాదు" అని చెప్పగలిగిందంటే లోపం పిల్లల్లో వెతకడం మానేయాలి.

2022లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెయిట్‌లాండ్ జోన్స్ అనే పేరున్న ప్రొఫెసర్ క్లాసులో 350 మందిలో 82 మంది కోర్సు మరీ కష్టంగా ఉందని పిటిషన్ పెట్టారు, యూనివర్సిటీ ఆయన్ని తీసేసింది. దేశమంతా రెండు పక్షాలైపోయింది, పిల్లలు బద్ధకస్తులని ఒకరు, ప్రొఫెసర్ కఠినాత్ముడని ఒకరు. నేను కెమిస్ట్రీ చెప్పే మనిషిని, కోర్సును పలచన చేయమని ఎన్నటికీ అనను. ఆ గొడవలో నాకు లోటుగా కనిపించింది వేరు. ఒక్క కోర్సులో వచ్చే గ్రేడు ఒక మనిషి డాక్టరవుతాడా లేదా అన్నది తేల్చే స్థితి ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు తక్కువ.

అది ఆకాశం నుంచి ఊడిపడిన నియమం కాదు. 1893లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూలు తెరిచినప్పుడు డిగ్రీ ఉండాలి, సైన్సులు చదివి ఉండాలి, ఫ్రెంచి, జర్మన్ వచ్చి ఉండాలి అని పెట్టారు. 1910లో ఫ్లెక్స్‌నర్ రిపోర్టు (దేశంలోని మెడికల్ స్కూళ్ళ తీరును పరిశీలించిన నివేదిక) వచ్చాక కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ దేశమంతా ఖాయమయ్యాయి. అప్పట్లో అది అవసరమే, ఎందుకంటే డబ్బు కడితే చాలు డాక్టరు పట్టా ఇచ్చే బళ్ళు వీధికొకటి ఉండేవి. ఫ్రెంచి, జర్మన్ మెల్లగా పోయాయి, మిగతావి నూరేళ్ళు దాటినా పెద్దగా మారకుండా ఉండిపోయాయి. వీటిలో కొన్ని లేకుండా డాక్టర్లు తయారవుతారా అని పరీక్షించి చూసినవాళ్ళూ ఉన్నారు. న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూలు 1987 నుంచి సాహిత్యం, చరిత్ర లాంటివి చదివే పిల్లల్ని ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఎమ్‌క్యాట్ ఏవీ అడక్కుండా కొందరిని తీసుకుంటూ వచ్చింది. వాళ్ళ చదువు ఎలా సాగిందో 2010లో ప్రచురించారు. రోగుల దగ్గర చేసే పనిలో వాళ్ళు తోటివాళ్ళ కంటే వెనకబడలేదు.

ఇక డబ్బు. ఎమ్‌క్యాట్ ఫీజు 300 డాలర్ల పైన. అప్లికేషన్‌కి మొదటి స్కూలుకి 175 డాలర్ల చుట్టూ, ఆపైన ఒక్కో స్కూలుకీ 45కి పైగా, ఒక్క విద్యార్థి సగటున పదిహేను పైనే స్కూళ్ళకి పెడుతున్నాడు. తర్వాత స్కూళ్ళు సెకండరీ, అంటే రెండో విడత అప్లికేషన్లు పంపి మళ్ళీ విడిగా ఫీజు అడుగుతాయి. కోచింగ్ తీసుకుంటే వేలు. అన్నీ కలిపితే ఒక పాత కారు కొనుక్కునేంత అవుతుంది, సీటు వస్తుందన్న నమ్మకం ఏమీ లేకుండా. ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఫీజుల్లో రాయితీ ఉంది, ఆ సంగతి తెలియకుండా మానేసినవాళ్ళను నేనే చూశాను.

ఫీజుల కంటే పెద్దది సమయం. షాడోయింగ్‌కి (డాక్టర్ల వెంట తిరిగి పని చూడటానికి) జీతముండదు. తెలిసిన అంకుల్ కార్డియాలజిస్ట్ అయితే ఒక ఫోన్ కాల్‌తో పనైపోతుంది, లేకపోతే ఆసుపత్రి వాలంటీర్ ఆఫీసుకి ఈమెయిళ్ళు పంపుతూ కూర్చోవాలి. రాత్రిళ్ళు గోదాంలో షిఫ్టు చేసి అద్దె కట్టుకునే పిల్లవాడు ఉచితంగా ఆసుపత్రిలో ఎన్ని గంటలని పనిచేస్తాడు? మెడికల్ స్కూళ్ళలో చేరేవాళ్ళలో దాదాపు ముప్పావు వంతు మంది ఆదాయంలో పై నలభై శాతం కుటుంబాల పిల్లలే, ఇది దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. చేరాక అయ్యే అప్పు అందరికీ తెలిసిందే, రెండు లక్షల డాలర్లు అన్నది చాలా మామూలు మాట. 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణం లేదు. మెడికల్ విద్యార్థి ఫెడరల్ అప్పుగా ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లకు మించి తీసుకోవడానికి వీల్లేదు. చాలా ప్రైవేటు మెడికల్ స్కూళ్ళలో ఫీజు, తిండి, ఇల్లు కలిపితే ఏడాదికి అంతకంటే చాలా ఎక్కువ. మిగతాది బ్యాంకులో తేవాలంటే తల్లిదండ్రుల క్రెడిట్ స్కోరు బాగుండాలి. దీనివల్ల ఇంకెంతమంది అడక్కుండానే తప్పుకుంటారో తలచుకుంటే నాకు దిగులుగా ఉంది.

మన తెలుగువాళ్ళు పైకి చెప్పుకోని కారణం ఇంకొకటుంది, వీసా. తల్లో తండ్రో హెచ్1 మీద వచ్చి, ఇండియాలో పుట్టినవాళ్ళకు గ్రీన్ కార్డు క్యూ దశాబ్దాలు కాబట్టి అలాగే ఉండిపోతే, ఇక్కడే పెరిగిన పిల్ల హెచ్4 మీద, అంటే వాళ్ళ మీద ఆధారపడిన వీసా మీద ఉంటుంది. ఇరవై ఒకటి నిండగానే ఆ హెచ్4 పోతుంది. ఎఫ్1కి మారాలి, అంటే పరదేశి విద్యార్థి. రెండో తరగతి నుంచి ఇక్కడి స్కూల్లో ప్లెడ్జ్ చెప్పిన పిల్ల, కాగితాల మీద నిన్న విమానం దిగిన మనిషితో సమానం. మెడికల్ స్కూళ్ళలో ఎక్కువ భాగం విదేశీ విద్యార్థుల్ని అసలు తీసుకోవు. తీసుకునే వాటిలో కొన్ని, కొన్నేళ్ళ ఫీజు మొత్తం ముందే ఎస్క్రో ఖాతాలో (తీయడానికి వీల్లేకుండా పక్కన పెట్టే ఖాతా) వేసి చూపించమంటాయి. ఫెడరల్ అప్పు రాదు.

నా క్లాసులో అలాంటి అమ్మాయి ఒకతె ఉండేది. ఊరు, పేరు చెప్పను. ఆ ఏడాది మొత్తం క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే వాలంటీర్ పని చేసేది, వాళ్ళ గురించి చెప్పేటప్పుడు పేర్లతో సహా చెప్పేది, ఎవరికి చెవుడు, ఎవరు పిల్లల కోసం ఎదురుచూస్తుంటారు అని. మూడో ఏడాది చివర్లో రికమెండేషన్ లెటర్ కావాలని వచ్చింది. మెడికల్ స్కూలుకే అనుకుని ఫారం తీసుకున్నాను. బయోస్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకి. "పీహెచ్‌డీ వాళ్ళు ఎఫ్1కి సీటిచ్చి, జీతం కూడా ఇస్తారు మేడమ్. మెడికల్ స్కూలుకి నాన్న ఇల్లమ్మినా చాలదు" అంది తెలుగులో, చాలా మామూలుగా, ఎప్పుడో ఏడ్చేసి వచ్చినట్టు. వాళ్ళమ్మ కూడా బంధువులతో "దానికి స్టాటిస్టిక్స్ ఇష్టం" అనే చెబుతుందట. నలుగురిలో వీసా గోడు వెళ్ళబోసుకోవడం కంటే అదే తేలిక కదా.

ఆనందంగా వదిలేసేవాళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఒక ఎండాకాలం ఎమర్జెన్సీ రూములో స్క్రైబ్‌గా (డాక్టరు పక్కనుండి నోట్సు రాసే మనిషిగా) పనిచేసి, డాక్టరు రోజులో ఎంత భాగం కంప్యూటర్ ముందు గడుస్తుందో కళ్ళారా చూసి, నాకిది వద్దు అని తెలుసుకున్నవాళ్ళున్నారు. నర్సింగ్‌కో, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకో, ప్రజారోగ్యానికో వెళ్ళి హాయిగా ఉన్నవాళ్ళున్నారు. అమ్మానాన్నల కోరిక మోసుకుని వచ్చి, దాన్ని దించి పక్కనపెట్టి, మొదటిసారి తమకిష్టమైంది చదువుకున్నవాళ్ళున్నారు. వాళ్ళని చూసి ఎవరూ జాలిపడక్కర్లేదు. నా బాధంతా తెలుసుకుని వదిలేసినవాళ్ళ గురించి కాదు, వదిలేశామని తమకే తెలియకుండా వదిలేసినవాళ్ళ గురించి.

అది ఇలా జరుగుతుంది. ఎమ్‌క్యాట్ మార్చిలో రాద్దామనుకుంటారు, ఆర్గానిక్ రెండో భాగం నడుస్తోందని జూన్‌కి జరుపుతారు. జూన్‌లో ప్రాక్టీస్ టెస్టు స్కోరు తక్కువొచ్చి ఇంకో ఏడాది ఆగుదామంటారు. గ్యాప్ ఇయర్ ఇప్పుడు మామూలే కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. చేరేవాళ్ళలో చాలామంది డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్ళు ఆగి వస్తున్నవాళ్ళే. కానీ ఆ ఏడాదిలో డబ్బున్నవాడు రీసెర్చ్ ల్యాబులో తక్కువ జీతానికి పనిచేస్తూ అప్లికేషన్ బలపరచుకుంటాడు, లేనివాడు దొరికిన ఉద్యోగంలో చేరతాడు. అద్దె, కారు లోను, తమ్ముడి ఫీజు. లెటర్ రాస్తానన్న ప్రొఫెసర్ ఇంకో ఊరెళ్ళిపోతారు. ఎమ్‌క్యాట్ రాసేసి ఉన్నా ఆ స్కోరు రెండు మూడేళ్ళకు మించి చాలా స్కూళ్ళలో చెల్లదు. వదిలేద్దామని అనుకున్న రోజు ఒక్కటి కూడా లేకుండానే ఐదేళ్ళు గడిచిపోతాయి.

మరి కాలేజీలు ఏం చేస్తున్నాయి? అడ్వైజర్లలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరి మీద వందల మంది పిల్లలుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. నా కోపం ఒక పద్ధతి మీద. కొన్ని కాలేజీల్లో ప్రీహెల్త్ కమిటీ (డాక్టరీ లాంటి చదువులకు వెళ్ళేవాళ్ళను చూసే కమిటీ) ఉంటుంది, అది మెడికల్ స్కూలుకి కమిటీ లెటర్ రాస్తుంది. కొన్ని కమిటీలు జీపీఏ ఇంతకంటే తక్కువుంటే లెటర్ రాయవు. ఆ లెటర్ లేకుండా అప్లై చేయడం కుదరదని కాదు, కానీ ఎందుకు లేదో స్కూళ్ళు అడుగుతాయి. దాంతో నమ్మకం లేని పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఇలా వడపోసి మిగిలినవాళ్ళనే పంపి, తర్వాత "మా కాలేజీ నుంచి అప్లై చేసినవాళ్ళలో ఇంత శాతం మందికి సీట్లొచ్చాయి" అని బ్రోషర్లో వేసుకుంటారు. అది చూసి మన తల్లిదండ్రులు ఆ కాలేజీకి మొగ్గుతారు. బ్రోషర్లో కనిపించే శాతం ఎక్కువగా ఉండటానికి కారణం బాగా చదివించడమే కావచ్చు, చాలామందిని అప్లై చేయనివ్వకపోవడమూ కావచ్చు. రెండింటిలో ఏదో ఆ కాగితం చూసి చెప్పలేం.

ఈ వసంతంలో మీ పిల్లలతో కాలేజీ టూర్లకి వెళ్తారు కదా. ప్రీమెడ్ సెషన్‌లో చివర ప్రశ్నలడగమన్నప్పుడు సీటొచ్చిన శాతం అడక్కండి, అది వాళ్ళే చెబుతారు. మొదటి ఏడాది జనరల్ కెమిస్ట్రీలో ప్రీమెడ్ అని చేరినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో చివరికి అప్లై చేసినవాళ్ళు ఎంతమంది అని అడగండి. కమిటీ ఎవరికైనా లెటర్ నిరాకరిస్తుందా, మొదటి సెమిస్టర్‌లో సీ వచ్చిన పిల్లను పిలిచి మాట్లాడే మనిషి ఎవరు, హెచ్4 పిల్లలకు ఇంతకుముందు ఎవరైనా సలహా ఇచ్చారా అని కూడా. మొదటి ప్రశ్నకి బహుశా మళ్ళీ సీటొచ్చిన శాతమే చెబుతారు. అది కాదండీ, మొదలుపెట్టినవాళ్ళ సంఖ్య కావాలి అని ఇంకోసారి అడగండి. పక్కన కూర్చున్న మీ అమ్మాయి మొహమాటపడి చెయ్యి లాగినా సరే, అడగండి.